పాట వెనుక కాగితము

(కోకాపేటలో యువజనుల సంగీత కూటములో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సందర్భమున మన యౌవనస్థులు కాలనీ వారందరినీ పిలిచి పాత పాటల సాయంకాలము జరుపదలచినారు. దానికి ముందుగా నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నేను సంగీత విద్వాంసుడను కాను. వేదాంత కళాశాలలో చదువుకొన్న రోజులలో గాయక బృందములో టెనారు పాడినవాడను, అంతే. అయినను ఈ విషయములో నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని చివర చెప్పుకొందును.

మన పిల్లలు ఎత్తుకొన్న పని చిన్నది కాదు. కీర్తనలతోపాటు 1970 దశకపు సినిమా పాటనొకదానిని, ఆనాటి రికార్డులో వినిపించినట్లే, అవే వాద్యములతో మరల వాయింపవలెనని పూనుకొన్నారు. వీరిలో ఎక్కువమంది కంప్యూటరు ఉద్యోగములవారే. నేటి యంత్రము పాటను విని గొంతును వేరుగా, తబలాను వేరుగా విడదీసి చూపును. కనుక పని వారములో ముగియుననుకొన్నారు. కాని వయొలిన్లు, క్లారినెట్టు కలిసి ఒకే స్వరమును పలికినచోట ఎవరు ఏమి వాయించినారో యంత్రము తేల్చలేకపోయినది. ఆనాటి పాటలో ధ్వని అంతయు ఒకే దారిన వచ్చును. కలిసిపోయిన పాలను నీళ్ళను వేరుచేయుట సులభమా?

అప్పుడు మన సంఘములోని ఒక పెద్దాయన వీరిని ఇంటికి పిలిచినారు. ఎనుబది దాటిన ఆయన యౌవనములో మద్రాసు స్టూడియోలలో వయొలిన్ వాయించినవారు. ఆ పాటలో తాను వాయించిన భాగము వ్రాసియున్న కాగితమును ఆయన దాచుకొన్నారు. దాని మడతలో క్లారినెట్టువాని కాగితము కూడ చిక్కుకొని వచ్చినది.

ఆ రెండు కాగితములు మనకు మూడు పాఠములు నేర్పినవి.

మొదటిది, క్లారినెట్టు కాగితమును ఉన్నదున్నట్లు కంప్యూటరులో ఎక్కించగా చెవులు మూసుకొనవలసి వచ్చినది. పెద్దాయన నవ్వి, "బాబూ, అది బి ఫ్లాట్ క్లారినెట్టు. కాగితం మీద సి అని ఉంటే బయటికి పలికేది బి ఫ్లాట్" అన్నారు. వ్రాసినవాడు ఆ తేడాను లెక్కకట్టియే వ్రాసినాడు.

రెండవది, శ్రుతి. మన చేతికి వచ్చిన రికార్డు ప్రతిలో పాట రెండు శ్రుతుల మధ్య ఎక్కడనో నిలిచియున్నది. టేపు వేగము కొంచెము మారినను శ్రుతి దిగును లేక ఎక్కును. అసలు శ్రుతి ఏదో కాగితమే తేల్చినది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. చరణమునకు ముందు వచ్చు వాద్యసంగీతము కాగితములో పన్నెండు గళ్ళు ఉన్నది, రికార్డులో ఎనిమిదే. పిల్లలు రెండు రాత్రులు తలలు పట్టుకొన్నారు. తీరా చూడగా నాలుగు గళ్ళపై పెన్సిలుతో సన్నని గీత ఉన్నది. రికార్డింగు రోజున పాట నిడివి ఎక్కువై, అక్కడికక్కడే కొట్టివేసినారట. సిరా గీతలు వ్రాసినవాని తలంపును, పెన్సిలు గీత ఆ రోజు జరిగినదానిని తెలుపును. పాతదానిని తిరిగి నిలుపగోరువారికి రెండును కావలెను.

ఇంతకును ఈ కాగితములు వ్రాసినదెవరు? పాటకు వరుస కట్టినవారి పేరు మనకు తెలియును. ఆ వరుస చుట్టు వయొలిన్లు ఎప్పుడు లేవవలెను, వేణువు ఎక్కడ ఆగవలెను అని ప్రతి వాద్యమునకు వ్రాసి ఇచ్చువాడు వేరొకడు కావచ్చును. అరేంజరు అని పిలువబడు అతని పేరు చాలసార్లు రికార్డుపై ఉండదు. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’నే తలంచుకొనుడి. అందులో నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావుగారు వరుసలు కట్టి ఆ చిత్రమునుండి తప్పుకొన్నారు. వాటికి వాద్యబృందమును సమకూర్చి రికార్డు చేయించినవారు ఘంటసాలగారు. వరుస ఒకరిది, దానికి తొడిగిన వస్త్రము మరియొకరిది. ఆ చిత్రమునే మన హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు రంగులద్ది, ఒకే దారిన వచ్చు ధ్వనిని పలుదారులకు విస్తరింపజేసి, 2010 జనవరి 30న విడుదల చేసినారు.

సంఘపు కార్యక్రమములో సినిమా పాట ఏమిటని కొందరు పెద్దలు నన్ను అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. వారికి నేను ఇచ్చిన జవాబు ఇది. మన దేశపు సినిమా వాద్యబృందములో స్వరములను కాగితముపై వ్రాసి, చూచి వాయించు విద్యకు పునాది వేసినవారిలో గోవా క్రైస్తవులు ముఖ్యులు. పోర్చుగీసువారి కాలములో అక్కడి దేవాలయములను అంటియున్న పాఠశాలలలో పిల్లలకు స్వరలిపి, వయొలిన్ నేర్పెడివారు. 1927లో గోవాలోని మజోర్డా గ్రామములో పుట్టిన ఆంథోనీ గోన్సాల్వెస్ అట్టి వాతావరణములో పెరిగినవాడే. బొంబాయి చేరి అరేంజరై, ఎందరో సంగీత దర్శకులకు స్వరలిపి వ్రాసి ఇచ్చినాడు. ప్యారేలాల్‌గారు ఆయన శిష్యులే. 1977 నాటి ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ చిత్రములోని పాటలో ఆయన పేరు వినిపించుట ఆ గురుభక్తి వలననే. కోట్లమంది ఆ పేరును పాడుకొన్నారు. అది బ్రతికియున్న ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు కొద్దిమంది. ఆయన 2012లో కన్నుమూసినాడు. దేవాలయపు బడిలో నేర్పిన అక్షరము సినిమా స్టూడియో వరకు నడచివెళ్ళినది. కనుక ఆ పాటను మనము పరాయిదిగా ఎంచనక్కరలేదు.

ఇక కాగితము పోయిన యెడల ఏమగును? హాలీవుడ్‌లోని మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ తన గొప్ప సంగీత చిత్రముల వాద్యలిపిని, చోటు చాలదను తలంపుతో, యాజమాన్యము మారిన 1969 తరువాతి రోజులలో చెత్తగా పారవేయించినది. పియానోకు కుదించి వ్రాసిన ప్రతులు కొన్ని మాత్రము మిగిలినవి. ఇంగ్లండు దేశస్థుడైన జాన్ విల్సన్ ఆ ప్రతులను ముందు పెట్టుకొని, చిత్రములను పదేపదే విని, ఒక్కొక్క వాద్యపు భాగమును తిరిగి వ్రాసినాడు. 2009లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో తన వాద్యబృందముతో వినిపించినాడు. జనులు సంతోషించినారు. కాని ఒక బీరువాలో భద్రముగా ఉండవలసినదానికి ఎన్ని సంవత్సరముల శ్రమ! దీనికి భిన్నముగా, ఫ్రాంక్ సినాట్రా పాటలకు వాద్యరచన చేసి 1985లో మరణించిన నెల్సన్ రిడిల్ కాగితములను అరిజోనా విశ్వవిద్యాలయము భద్రపరచినది.

ఇప్పుడు నా పొరపాటు చెప్పుదును. పదునాలుగు సంవత్సరముల క్రిందట నేను వేరొక సంఘములో పనిచేయుచుంటిని. మందిరమునకు సున్నము వేయించుటకు వెస్ట్రీ ఖాళీ చేయించినప్పుడు ఒక ఇనుప ట్రంకు బయటపడినది. దాని నిండ నోటు పుస్తకములు. పైవాటికి చెద పట్టినది. లోపల డో, రే, మీ అక్షరములతో టానిక్ సోల్ఫా వరుసలు, చేతివ్రాత. నేను రెండు పుటలు తిప్పి, ఇవి ఎవరికి కావలెనని, పాత పేపర్లవానికి తూకమున వేయించితిని. ఆ డబ్బుతో చీపుళ్ళు కొనినాము.

అవి ఆ సంఘములో చాలకాలము గాయక బృందమును నడిపిన ఒక మాస్టరుగారి పుస్తకములు. తెలుగు కీర్తనలకు ఆయన నాలుగు గొంతులుగా వ్రాసిన వరుసలవి. సోల్ఫా పద్ధతిని 19వ శతాబ్దములో ఇంగ్లండులో వ్యాపింపజేసిన జాన్ కర్వెన్ కూడ ఒక సంఘ కాపరియే. చదువురాని కూలివాడు సైతము చూచి పాడవలెనని ఆయన కోరిక. ఒక కాపరి నేర్పినదానిని మరియొక కాపరినైన నేను తూకమునకు వేసితిని.

కొన్ని సంవత్సరములకు ఆ సంఘమువారు మాస్టరుగారి క్రిస్మస్ కీర్తన మరల పాడగోరి నాకు కబురంపినారు. మిగిలినది ఒక క్యాసెట్టు మాత్రమే. మైకు దగ్గర నిలిచిన సొప్రానో స్పష్టముగా ఉన్నది. బేసు కష్టముమీద దొరికినది. టెనారు హార్మోనియము క్రింద అణగిపోయినది. ఆనాడు పాడిన ఒక వృద్ధురాలి వద్దకు వెళ్ళితిమి. ఆమె కన్నులు మూసుకొని ఆల్టో మొదటినుండి చివరివరకు పాడి వినిపించినారు. తరువాత నా వైపు చూచి, "అయ్యగారూ, నా వరకు నాకు వచ్చు. టెనారు పాడినవాళ్ళు ఇంకెవరున్నారు? పుస్తకం చూస్తే సరిపోయేది కదా!" అన్నారు. ఆ పుస్తకము ఏమైనదో ఆమెకు తెలియదు. ఆ దినము నేను చెప్పలేకపోతిని. ఈ దినము మీయెదుట చెప్పుచున్నాను.

టెనారును మేమే కొత్తగా వ్రాసితిమి. దానిని ఎర్ర సిరాతో వ్రాసి, ఇది మాస్టరుగారిది కాదని అంచున గుర్తుపెట్టితిమి. పాతదానిని తిరిగి నిలుపువాడు తన చేర్పును పూర్వికుని నోట పెట్టరాదు. మన యౌవనస్థులు కూడ ఆ ఎర్ర సిరా నియమమును పాటించినందుకు వారిని అభినందించుచున్నాను.

ఈ కోకాపేటలో 2023 వేలములో ఎకరము నూరు కోట్ల రూపాయలు దాటి పలికినది. తాతలనాటి పహాణీ నకలు కొరకు ట్రంకుపెట్టెలు వెదకినవారు మనలో ఉన్నారు. భూమి కాగితము విలువ మనకు ఎవరును చెప్పనక్కరలేదు. పాట కాగితమునకును హక్కుదారులు ఉన్నారు. వారిలో కొందరు ఇంకను పుట్టలేదు.

కనుక నా మనవి మూడు మాటలు. మీ ఇండ్లలో పాత స్వరముల పుస్తకములున్న యెడల పారవేయక తెచ్చి చూపుడి. పెన్సిలు గీతలు చెరపకుడి. పాడినవారు, వాయించినవారు మన మధ్య ఉండగానే వారి యొద్ద కూర్చుండి వ్రాసికొనుడి. కాగితము చెప్పని జారుడును, ఊపిరిని వారే చెప్పగలరు. శనివారపు కార్యక్రమ పత్రికలో పాడినవారి పేర్లతోపాటు వరుసలు వ్రాసినవారి పేరు కూడ అచ్చువేయించుడి. మన మాస్టరుగారి పేరును అక్కడ నా చేతితో నేనే వ్రాసి ఇచ్చితిని.

పెద్దాయన శనివారము తన వయొలిన్‌తో రెండవ వరుసలో కూర్చుందురు. అందరును రండి.