సారె మీద చెయ్యి ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మట్టి గురించి మాట్లాడమన్నారు. మట్టి అనగానే మనవాళ్లు భూమాత అంటారు, స్త్రీ ఓర్పుని భూదేవితో పోలుస్తారు. ఈ పోలికలు వినీ వినీ మనకి విసుగొచ్చింది. అందుకే దేవత జోలికి పోకుండా, చేతులకంటే మట్టి గురించీ, ఆ చేతులు ఎవరివనే దాని గురించీ మాట్లాడతాను.

కుండ ఎలా తయారవుతుందో చూడండి. చెరువు నుంచి బంకమట్టి తేవాలి. ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, రాళ్లూ వేర్లూ ఏరి, జల్లించి, నానబెట్టాలి. పగలకుండా ఇసుకో బూడిదో కలిపి తొక్కాలి. అప్పుడు సారె తిరుగుతుంది. ఒక్కో కుండకి సారె మీద పట్టేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత ఆరబెట్టడం, ఆవానికి పిడకలూ కంపా పోగెయ్యడం, కాలిన కుండల్ని గంపకెత్తి ఊళ్లు తిరిగి అమ్మడం. సారెకి ముందున్న పనిలోనూ, తర్వాతి పనిలోనూ పెద్ద భాగం స్త్రీలదే. సారె మీద చెయ్యి మాత్రం మగవాడిది. కాబట్టి అతను కుమ్మరి, ఆమె కుమ్మరి భార్య.

చాలాచోట్ల స్త్రీలు సారె ముట్టకూడదనే ఆచారం ఉంది. ఎందుకంటే మైల అంటారు, బలం చాలదంటారు. కానీ మణిపూర్‌లోని ఆండ్రో, థోంగ్జావో గ్రామాల్లో సారె లేకుండా, చేత్తో మలిచి, చెక్కతో తట్టి కుండలు చేసేది స్త్రీలే. థోంగ్జావోకి చెందిన నీలమణి దేవికి 2007లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఈ నిషేధం మట్టిలో లేదు, మనుషుల్లో ఉంది.

అంత దూరం ఎందుకు? మన ఊళ్లలో పొయ్యిలు వేసిందెవరు? గోడలు మెత్తి, నేల అలికిందెవరు? మట్టిలో ఎంత ఊక కలిపితే పొయ్యి నెర్రెలు పట్టదో తెలియడం సాంకేతిక జ్ఞానం కాదా? మగవాడు సారె మీద చేస్తే వృత్తి, ఆడది చేత్తో చేస్తే ఇంటి చాకిరీ!

ఒక ఊళ్లో ఒకామెని "ఏం పని చేస్తావక్కా?" అనడిగాను. "ఏం లేదమ్మా, ఇంట్లోనే ఉంటా. కుండలు మా ఆయన చేస్తాడు" అంది. అప్పుడామె మోకాళ్ల దాకా మట్టి ఉంది. 2011 జనగణన నిర్వచనం ప్రకారం కుటుంబ వృత్తిలో కూలి లేకుండా చేసే పని కూడా పనే. కానీ ఆమె తన పనిని పని అని చెప్పకపోతే, ఆ కాగితంలో ఆమె శ్రమ ఎక్కడ కనిపిస్తుంది?

ఇది గౌరవానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో కుమ్మరంతో సహా 18 వృత్తులున్నాయి. పనిముట్లకి రూ.15,000 వరకు సాయం, మొదటి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. కానీ కుటుంబంలో ఒక్కరికే నమోదు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఆ ఒక్కరు ఎవరవుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. సారె ముట్టకూడదన్న ఆచారాన్ని ఈ నిబంధన తనకి తెలియకుండానే కాగితం మీద ఖాయం చేస్తోంది.

కరెంటు సారెలు వచ్చాక బలం చాలదన్న సాకు కూడా పోయింది. ఇక మిగిలింది పేరు ఎవరిదన్నదే.

అందుకే మీకు మూడు పనులు చెబుతాను. సర్వేకి వెళ్లినప్పుడు "ఏం పని చేస్తారు?" అని అడక్కండి. మట్టి ఎవరు తెచ్చారు, ఎవరు తొక్కారు, ఎవరు అమ్మారు అని ఒక్కొక్కటే అడగండి. వృత్తి గుర్తింపు భార్యాభర్తలిద్దరికీ ఇవ్వాలని అర్జీలు పెట్టించండి. చెరువు మట్టి తెచ్చుకునే హక్కు గురించి పంచాయితీలో మాట్లాడేటప్పుడు ఆ స్త్రీలనే ముందు నిలబెట్టండి. మట్టి తొక్కిన కాళ్లకి ఆ పంచాయితీ మెట్లు ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు.