ఆయాసమున్నవారికి ఏం పెట్టాలి?



మన విశాఖలో 1933లో హార్బరు తెరిచారు. తర్వాత ఫ్యాక్టరీలు, ఉక్కు కర్మాగారం వచ్చి ఎన్నో వేల ఇళ్ళకు అన్నం పెట్టాయి. దాంతోపాటు ధూళీ, పొగా కూడా వచ్చాయి. జ్ఞానాపురం వైపు ఇళ్ళల్లో కిటికీ చువ్వలమీద బొగ్గుపొడి తుడవడం రోజువారీ పని. దీనికి చుట్టో, సిగరెట్టో తోడైతే ఊపిరితిత్తులు పాడై, నాలుగు మెట్లెక్కితేనే రొప్పు వస్తుంది. ఏళ్ళతరబడి కట్టెపొయ్యి ఊదిన ఆడవాళ్ళకీ ఈ జబ్బు వస్తుంది. మందుల సంగతి డాక్టరుగారు చూస్తారు. కంచం సంగతి మనది.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే మనం ముందుగా చేసేది పథ్యం. పెరుగు కఫమని, గుడ్డు వేడని, అరటిపండు జలుబని ఒక్కొక్కటే మానిపిస్తాం. చివరికి చారన్నం, బ్రెడ్డుముక్క మిగులుతాయి. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ ఆలోచించండి. మనకు తెలియకుండానే జరిగిపోయే ఊపిరి వారికి బరువు మోసినంత పని. ఊరికే కూర్చున్నా శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. తిండి చాలకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. ఊపిరి లాగేదీ ఆ కండలేగా! అందుచేత మనిషి చిక్కిపోతుంటే వయసని సరిపెట్టుకోకండి.

"పెట్టినా తినరండీ" అంటారా? తినలేరు. కడుపు నిండితే అది పైకి నొక్కి ఊపిరాడనివ్వదు. అందుకని రెండుపూటలా కంచం నిండా కాక, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. తినేముందు కాసేపు విశ్రాంతి తీసుకోమనండి. తింటున్నప్పుడు కబుర్లు పెట్టకండి. పోపు ఘాటు తగలకుండా వంటింటి తలుపు దగ్గరగా వేయండి.

ఆ కొంచెంలోనే బలముండాలి. మెత్తని పప్పన్నంలో చెంచాడు నెయ్యి, పాలు కలిపిన చోడిజావ, ఉడికించిన గుడ్డు, గట్టి పెరుగు మంచివి. చేపలు తినేవారికి నెత్తళ్ళ పులుసు పెట్టవచ్చు. పాలవల్ల కఫం ఎక్కువగా పుట్టదని పరిశోధనల్లో తేలింది. గొంతు జిగటగా తోస్తే గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తే సరి. కడుపుబ్బరం చేసే బజ్జీలు, సోడాలు తగ్గించండి. కాళ్ళు వాచేవారికి ఊరగాయ, అప్పడం వద్దు. ఒళ్ళు బరువున్నవారికి నెయ్యి అక్కర్లేదు. షుగరు, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరునడిగే మార్చండి.

నెలకోసారి తూకం చూసి క్యాలెండరులో రాసిపెట్టండి. కారణం లేకుండా తగ్గుతుంటే కె.జి.హెచ్.కో, పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికో తీసుకువెళ్ళండి. మనిషిని చిక్కబెట్టే పథ్యం పథ్యం కాదమ్మా.

సెలవు.