బావి లోతు నెరుగని బాలుడు

(వీర్నపల్లిలో మే మొసగిన యుపన్యాసము)



పరీక్షలో ప్రశ్న నడుగువాడు వేరు, జవాబు చెప్పువాడు వేరు. మన పాఠశాలలు పదియేండ్లపాటు బిడ్డలకు జవాబు చెప్పుటయే నేర్పుచున్నవి. కాని రేపటి వేడిమియు, నీటి యెద్దడియు ప్రశ్నపత్రము చేతబట్టుకొని రావు. చిక్కెక్కడ నున్నదో ముందుగ మన బిడ్డలే కనుగొనవలయును.

అమెరికాలో టొరెన్సు పండితుడు 1974లో దీనికొక శిక్షాక్రమము నేర్పరచెను. విద్యార్థులు రాబోవు కాలపు చిక్కునొకదానిని చేపట్టి, అందలి యిక్కట్ల నన్నిటిని వ్రాసి, మూలమైనదానిని యెన్నుకొందురు. పిమ్మట తోచిన యుపాయములన్నియు చెప్పుదురు. అవి పుట్టుచుండగనే తప్పులెన్నరాదు. మన యయ్యవార్లకిది కష్టమే. వకీలు వృత్తిలోనున్న మాకు మరింత కష్టము!

ఇది పరదేశపు వేడుక యనువారు హనుమాజీపేటకు పోవలయును. అచ్చటి జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాల విద్యార్థియొకడు, వడ్లు సంచులకెత్తుటలో రైతులు పడుపాట్లు చూచి, ఒక్కమనిషియే నింపుకొనగల సాధనమును కల్పించెను. కేంద్రప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకము మూలమున నది దేశమునకు తెలియవచ్చినది. ఆ పథకమున నెన్నికైన విద్యార్థికి నమూనా చేయుటకు 10,000 రూపాయలిత్తురు. మాతో మాటలాడిన తండ్రులలో పలువురు దాని పేరైన వినలేదు.

ఇక నీటి మాట. 2016లో నేర్పడిన మన జిల్లాలో, మధ్యమానేరు జలాశయమువలనను చెరువుల మరమ్మతువలనను భూగర్భజలము సుమారు 6 మీటర్లు పైకి వచ్చినదనియు, ముస్సోరిలోని ఐ.ఏ.ఎస్. శిక్షణార్థులకది పాఠమగుననియు 2020లో పత్రికలు వ్రాసెను. ముస్సోరి కొండమీద మన నీటికథ పాఠమగుచుండ, ఇచ్చటి బాలునికి తన పొలములోని బావి లోతు తెలియదు!

బోరు తగవులతో మాకడకు వచ్చువారు, ఎవరు ముందు త్రవ్వించిరో గట్టిగ చెప్పుదురు. ఏ నెలలో నీరెంత లోతున నుండెనో వ్రాసియుంచినవాడు ఒక్కడును రాలేదు. గుట్టలనడుమ, తండాలనడుమ వాన తప్పిన యేట నెవరి పొలము ముందెండునో, ఎవరి కొడుకు దుబాయి బండి యెక్కవలసివచ్చునో మనమెరిగినదే. ఆ పొలమెండకముందే లెక్క చూడగల బిడ్డలు మనకు కావలయును.

మార్కులు తగ్గునని పెద్దలు జంకుచున్నారు. నెలకొక్క గంట చాలును. ఆ గంటలో పిల్లలు బావి కొలిచి, గోడమీది పటమున వ్రాసి, నీరేల తగ్గెనని తామే ముప్పది ప్రశ్నలు వేయవలయును. జవాబులు మరుసటి నెలకుంచుడు. ముడులువేసిన త్రాటిని, గుండును మేము తెచ్చియున్నాము. బడికి దగ్గరి బావి యేదో చూపుడు.