నమోదు కావలసిన మాట

(పులికాట్ తీర గ్రామాల ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ దస్త్రాల మధ్య గడిపినవారము. కాగితం మీదికి ఎక్కని మాటకు కార్యాలయంలో విలువ లేదని, తప్పుగా ఎక్కిన మాట తరతరాలకూ కీడు చేస్తుందని మాకు తెలుసు. ఈ సరస్సులో వలలు వేసే యానాదులలో కొందరిని ఒకనాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే అనుమానితులుగా నమోదు చేసింది. ఆ చట్టం 1952లో రద్దయినా ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదు.

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీ అనే పేద ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగిందని, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారని నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా రాయచూరుకు మారిన ఆ కేసులో 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆమె శీలమూ, ఆమె నికాహూ ప్రశ్నలయ్యాయి.

అదే 1978లో మథుర అనే ఆదివాసీ బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడుదల చేసింది. మరుసటి ఏడు ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాశారు. భయపడి లొంగిపోవడం సమ్మతి కాదని వారు వాదించారు. స్త్రీల ఉద్యమం దానికి తోడైంది. 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో జరిగే అత్యాచారానికి కఠిన శిక్ష ఏర్పడింది. అటువంటి కేసులో సమ్మతి లేదని బాధితురాలు చెబితే, లేదనే న్యాయస్థానం భావించాలన్న నియమమూ వచ్చింది.

హైదరాబాదుకు చెందిన కల్పనా కన్నబిరాన్ ఆ బాటలోని పరిశోధకురాలు. ఆమె సామాజిక శాస్త్రవేత్త, న్యాయవాది. నల్సార్ విశ్వవిద్యాలయంలో బోధించారు. అస్మిత సంస్థ స్థాపకులలో ఒకరు. 2012లో వెలువడిన ‘టూల్స్ ఆఫ్ జస్టిస్’ గ్రంథంలో కులం, తెగ, మతం, లింగం, వైకల్యం ఆధారంగా సాగే వివక్షను రాజ్యాంగం ఎదుట నిలబెట్టి పరిశీలించారు. అమెరికాలో కింబర్లీ క్రెన్‌షా 1989లోనే ఒక విషయం ఎత్తిచూపారు: నల్లజాతి స్త్రీకి జరిగే అన్యాయాన్ని జాతి వివక్షగా మాత్రమే చూసినా, స్త్రీ వివక్షగా మాత్రమే చూసినా సగమే కనబడుతుంది. రమీజాబీ పేదరాలు, ముస్లిం, స్త్రీ. ఆమెకు జరిగినదీ అంతే.

ఇక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. న్యాయశాస్త్రం చదువుతానన్న బిడ్డను వెంటబెట్టుకొని ఒక తల్లి మా సలహా కోసం వచ్చింది. “ఆడపిల్లకు కోర్టులతో పనేమిటమ్మా, టీచరు ట్రైనింగు చేయించు” అన్నాము. ఆ బిడ్డ తల వంచుకొని వెళ్లిపోయింది. రమీజాబీ పక్షాన నిలబడవలసిన ఒక గొంతును మేమే నొక్కివేశామని ఆ రాత్రి తోచింది. మరునాడు వారి ఇంటికి వెళ్లి మా మాట వెనక్కు తీసుకున్నాము.

తల్లిదండ్రులారా, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయవచ్చు, దాని నకలు ఉచితంగా అడిగి తీసుకోవచ్చు. ఈ సంగతి ఇంట్లో ఆడబిడ్డలకు చెప్పండి. చదవాలనుకున్న బిడ్డను చదివించండి. మన మాటను ఇతరులు వ్రాసేదాకా వేచి ఉండవద్దు.