ఇంటిలో ఆట, ఒంటికి వ్యాయామము
(సంఘ వార సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వీడియో ఆట అనగానే మనలో పెద్దలకు కోపము వచ్చుట సహజము. పిల్లలు కదలక మెదలక తెరకు అతుక్కొని కన్నులు పాడుచేసికొనుచున్నారని మన ఫిర్యాదు. నేనును ఆ మాటయే అనుచుండెడివాడను. అట్టి నేను ఆ ఆటపెట్టెను వ్యాయామ సాధనముగా మీ ముందు ప్రస్తావించుటకు మా యింట జరిగిన యొక సంగతి కారణము.

రెండేండ్ల క్రిందట నా భార్య స్నానాలగది గడప వద్ద తూలిపడినది. ఎముక విరుగలేదు గాని ధైర్యము చెదరినది. అంతవరకు ప్రతి ఉదయము గుడివరకు నడచి వచ్చుచుండిన మనిషి వాహనముల రద్దీకి జడిసి వీధిలో అడుగు పెట్టుట మానినది. మధుమేహము గల శరీరమాయె! నెలలు గడచినకొలది కాళ్ళలో బలము తగ్గినది. బలము తగ్గినకొలది భయము పెరిగినది. సెలవులకు వచ్చిన మనుమడు తన ఆటపెట్టెను మా టెలివిజనుకు తగిలించి, "అమ్మమ్మా! నువ్వు నడిస్తేనే ఈ బొమ్మ నడుస్తుంది. నువ్వు ఆగితే అదీ ఆగిపోతుంది" అన్నాడు. ఆమె నవ్వినది. నవ్వుచునే లేచి నిలచినది.

ఈ సాధనము పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పవలసియున్నది. జపానులోని క్యోటో నగరమున 1889లో పూలబొమ్మల పేకముక్కలు తయారుచేయుటకు ఏర్పడిన సంస్థ నింటెండో. కూర్చుండి ఆడు పేకను అమ్మిన ఆ సంస్థయే 2006లో 'వీ' అను యంత్రమును వెలువరించి జనులను నిలబెట్టి ఆడించినది. చేతిలోని పరికరమును టెన్నిసు బ్యాటువలె విసరినచో తెరపై బంతి ఎగురును. మరుసటి యేడు డిసెంబరులో 'వీ ఫిట్' వచ్చినది. దీనితో ఒక పలక నిచ్చిరి. దాని నాలుగు మూలలందును బరువును పసిగట్టు పరికరములుండుటచే, నిలచిన మనిషి ఏ ప్రక్కకు ఒరుగుచున్నాడో తెరపై కానవచ్చును. తాను ప్రతిదినము ఇంటిలో బరువు చూచుకొను అలవాటునుండియే ఈ యూహ పుట్టినదని దాని రూపకర్త షిగేరు మియామోటో చెప్పియున్నాడు. అది 2 కోట్ల 20 లక్షలకు పైగా అమ్ముడయ్యెను. ఆ యంత్రముల తయారీ ఇప్పుడు నిలిచిపోయినది.

మా మనుమడు తెచ్చినది 2019లో వెలువడిన 'రింగ్ ఫిట్ అడ్వెంచర్'. ఒక పరికరమును తొడకు పట్టీతో కట్టుకొనవలెను; రెండవదానిని వంగెడు వలయమునకు తగిలించి చేత పట్టవలెను. ఉన్నచోటనే అడుగులు వేసినచో తెరపై వీరుడు ముందుకు సాగును. వలయమును నొక్కి, గుంజీళ్ళు తీసినచో రాక్షసుడు ఓడును. వయసును శక్తిని బట్టి శ్రమను తగ్గించుకొనవచ్చును. మన తాతలు తాలింఖానాలో తీసిన దండీలు, బస్కీలే యిచ్చట కథలో దూరి వచ్చినవి.

అయితే ఇది సర్వరోగనివారిణి అని నేను చెప్పబోవుట లేదు. 2007లో లివర్‌పూల్ పరిశోధకులు 13 నుండి 15 యేండ్ల పిల్లలను పరీక్షించిరి. కూర్చుండి ఆడుటకంటె ఈ కదలు ఆటలో శక్తి ఎక్కువ ఖర్చగునుగాని, నిజమైన మైదానపు ఆటకు అది సాటిరాదని వారు తేల్చిరి. అమెరికాలోని హ్యూస్టను పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితము మరింత ఆలోచింపదగినది. ఇట్టి ఆటలను పిల్లల కిచ్చి ఊరకుండినచో, మామూలు వీడియో ఆటలు పొందిన పిల్లలకంటె వారేమియు ఎక్కువ కదలలేదు. అనగా యంత్రమును కొనినంతనే వ్యాయామము రాదు.

మా యింటను అదియే జరిగినది. మనుమడు ఆటపెట్టెను మాకు వదలి తిరిగి వెళ్ళిన మూడు వారములకు కొత్త తీరినది. దానిపై దుమ్ము పేరుకొన్నది. అప్పుడు నాకు తోచినది: ఆమెను లేపినది యంత్రము కాదు, ప్రక్కన నిలచి ఆడిన మనుమడు. నాటినుండి సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఇరువది నిమిషములు నేనును ఆమెతో కలసి అడుగులు వేయసాగితిని. నా వీరుడు తరచు ఓడును. ఆమెకు అది మహదానందము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలనుబట్టి పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ చేయవలెను. 65 యేండ్లు దాటినవారు పడిపోకుండుటకై వారమున మూడు దినములైనను నిలకడను, బలమును పెంచు అభ్యాసము చేయవలెను. మా ఇరువది నిమిషములతో ఆ లెక్క పూర్తిగా నిండదు. కాని కాళ్ళు తిరిగి బలమునకు వచ్చినవి. నాలుగు నెలల పిమ్మట ఒక ఉదయమున ఆమె తానై చెప్పులు తొడిగికొని, "గుడిదాకా వెళ్ళొద్దాం, రండి" అన్నది. ఆ మాట విన్ననాడు నాకు కలిగిన సంతోషమును వర్ణింపజాలను.

మీలో ఎవరైనను ప్రయత్నింపదలచినచో కొన్ని జాగ్రత్తలు మరువరాదు. గుండెజబ్బు, మోకాళ్ళ బాధ గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. నేల తడిగా నుండరాదు. ప్రక్కన బరువైన కుర్చీ యుండవలెను. చేతిపట్టీ బిగించుకొనవలెను, 'వీ' వచ్చిన తొలిదినములలో చేజారిన పరికరములు టెలివిజనులను పగులగొట్టినవి. ఇక ఖరీదు పెట్టలేనివారు చింతింపనక్కరలేదు. గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలచుటకు, పాట పెట్టుకొని అడుగులు వేయుటకు ఏ యంత్రమును అక్కరలేదు.

మన యిండ్లలో భయముచేతనో, ఒంటరితనముచేతనో మంచము దిగని పెద్దలు ఎందరో యున్నారు. వారికి ఆటపెట్టె నిచ్చినను ఇవ్వకున్నను, దినమునకు ఇరువది నిమిషములు ప్రక్కన నిలచు మనిషి నిండని నా మనవి. ఇంతటితో ముగించుచున్నాను.