దూరాన ఉన్నా జాబితాలో ఉందాం

(కువైట్‌లో నివసిస్తున్న తెలుగు ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 మే 13న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రజలు లోక్‌సభ ఎన్నికలలో ఓటు వేశారు. అక్కడ ఉదయం ఏడు గంటలకు పోలింగు మొదలయ్యేసరికి ఇక్కడ నాలుగున్నర. ఫజ్ర్ నమాజు ముగించుకొని మనం ఫోన్లు చూసుకున్నాం. రాయచోటి నుండి, కడప నుండి, నిజామాబాద్ నుండి, హైదరాబాద్ పాతబస్తీ నుండి మనవాళ్ళు సిరా గుర్తు వేళ్ళ ఫోటోలు పంపారు. ఆ రోజు సోమవారం, మనకు పనిదినం. ఫోటోలు చూసి పనిలోకి వెళ్ళిపోయాం. ఎన్నిక మన దేశానిది, ఫలితం మన పిల్లల భవిష్యత్తుది. మనం మాత్రం ప్రేక్షకులం.

చట్టం మనల్ని పూర్తిగా మరచిపోలేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణతో 20ఎ సెక్షను చేరింది. ఉద్యోగానికో, చదువుకో విదేశం వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకోని భారత పౌరులు, పాస్‌పోర్టులోని స్వదేశ చిరునామా ఉన్న నియోజకవర్గంలో ఫారం 6ఎ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి అసలు పాస్‌పోర్టుతో ఆ పోలింగు కేంద్రానికి స్వయంగా వెళ్ళాలి. సెలవు ఇవ్వవలసింది కఫీల్, టికెట్టు ఖర్చు భరించవలసింది మనం. హక్కు కాగితం మీద ఉంది, దాన్ని వినియోగించుకునే దారి లేదు.

ఫలితం చూడండి. కోటికి పైగా భారత పౌరులు విదేశాలలో ఉండగా, 2024 నాటికి ప్రవాస ఓటర్లుగా నమోదైనవారు సుమారు 1.2 లక్షల మంది. వచ్చి ఓటు వేసినవారు 3 వేలకు లోపే. వారిలో అత్యధికులు కేరళవారు. ప్రతినిధి ద్వారా ఓటు వేసే అవకాశం కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో అది మురిగిపోయింది. మనతో భుజం కలిపి పనిచేసే ఫిలిప్పీన్స్ కార్మికులు మాత్రం 2003 నాటి తమ చట్టం పుణ్యమా అని 2004 నుండి విదేశాలలో ఉంటూనే ఓటు వేస్తున్నారు. వారికి సాధ్యమైనది మనకెందుకు అసాధ్యం? రాయబార కార్యాలయంలోనో, తపాలా ద్వారానో ఓటు వేసే ఏర్పాటు కోరడం మన న్యాయమైన డిమాండు.

అంతకంటే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. 2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. శాశ్వతంగా వలస వెళ్ళారన్నది అధికారులు చెప్పిన కారణాలలో ఒకటి. ఇంటికి వచ్చిన బూత్ స్థాయి అధికారికి “మా వాడు బయట ఉన్నాడు” అని ఒక్క మాట చెప్పి పంపేస్తే చాలదు. విదేశంలో ఉన్నవారి పేరు సాధారణ జాబితాలో కొనసాగడానికి చట్టం ఒప్పుకోదు గనుక ఫారం 6ఎ నింపడమే సరైన మార్గం. విచారణకు వచ్చినప్పుడు చూపడానికి పాస్‌పోర్టు, వీసా ప్రతులు ఇంట్లో ఉంచాలి. తిరిగి వచ్చి స్థిరపడగానే మళ్ళీ సాధారణ ఓటరుగా నమోదు కావాలి.

మరొక మాట. మన ఇళ్ళలో తల్లులు, భార్యలు, పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడపిల్లలు ఉన్నారు. ఎవరికి ఓటు వేయాలో ఇక్కడి నుండి ఫోనులో ఆదేశించే అలవాటు మనలో కొందరికి ఉంది. అది వారి ఓటు. వారి పేరు జాబితాలో ఉందా, తండ్రి పేరు, భర్త పేరు తప్పుల్లేకుండా పడ్డాయా అని అడగడం మన బాధ్యత, నిర్ణయం వారిది. అలాగే వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వదంతినీ ఊరికి పంపి ఇరుగుపొరుగుల మధ్య చిచ్చు పెట్టడం రాజకీయ చైతన్యం కాదు.

రాజ్యాంగం 326వ అధికరణ ధనికునికీ, కూలీకీ, అధిక సంఖ్యాకునికీ, అల్పసంఖ్యాకునికీ ఒకే విలువ గల ఓటు ఇచ్చింది. అంతటి సమానత్వం మనకు మరెక్కడా ఇంత సూటిగా దక్కలేదు. ఈ శుక్రవారం సెలవులో ప్రతి గదిలోనూ ఒకరు ముందుకు వచ్చి మిగతావారి చేత ఫారం నింపించాలని కోరుతున్నాం.