కాలు కథ అందరికీ తెలుసు, మరి ఆ తర్వాత? – మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో



చిన్నప్పుడు మా వీధి చివర ఒక ఎక్స్-మిలిటరీ తాతయ్య ఉండేవారు. 1971 యుద్ధంలో పోరాడారని వీధిలో అందరూ చెప్పుకునేవాళ్లు. పిల్లలం ఆయన్ని అడిగింది మాత్రం ఒక్కటే: "తాతయ్యా, మీ దగ్గర తుపాకీ ఉందా?" ఆయన నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు ఆయన లేరు. ఏ రెజిమెంటో, ఎక్కడ పోరాడారో ఇంట్లోవాళ్లకి కూడా సరిగ్గా తెలీదు. ఈ ఎపిసోడ్ చేయాలనిపించడానికి కారణం అదే.

మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో పేరు మీలో చాలామంది రీల్స్‌లో వినే ఉంటారు. తన కాలు తనే నరుక్కున్న ఆఫీసర్. రీల్ అక్కడితో అయిపోతుంది. నా దృష్టిలో మాత్రం అసలు కథ ఆ తర్వాతే ఉంది.

ముందు ఆ కాలు కథ క్లుప్తంగా చెప్తాను. ఆయన 1937లో బొంబాయిలో పుట్టారు. ఎన్‌డీఏలో చదివి ఐదో గూర్ఖా రైఫిల్స్‌లో చేరారు. కార్డోజో అనే పేరు గూర్ఖా జవాన్లకు నోరు తిరగలేదు, అందుకని 'కార్తూస్ సాబ్' అని పిలిచేవారు. కార్తూస్ అంటే తూటా. 1971లో ఆయన వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో ఉండగా, బెటాలియన్‌లో సెకండ్-ఇన్-కమాండ్ యుద్ధంలో చనిపోయారు. ఆ స్థానంలోకి రమ్మని ఈయనకు పిలుపొచ్చింది.

డిసెంబర్ 7న ఆ బెటాలియన్ హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దిగింది. ఉన్నది కొన్ని వందల మందే. అయితే ఒక బ్రిగేడ్ మొత్తం దిగిందని బీబీసీ పొరపాటున చెప్పింది. బ్రిగేడ్ అంటే వేలల్లో లెక్క. పాకిస్తాన్ వాళ్లూ ఆ వార్త విన్నారు, మనవాళ్లూ విన్నారు. సరే, బ్రిగేడ్ లాగే నటిద్దాం అనుకున్నారు. 48 గంటలు నిలబడమంటే, సిల్హెట్ లొంగిపోయేదాకా వారానికి పైగా నిలబడ్డారు.

మైన్ మీద కాలు పడింది లొంగుబాటు తర్వాతే. మార్ఫిన్ లేదు, కోయడానికి పరికరాలు లేవు. నరకమంటే సహాయకుడికి చేతులు రాలేదు. అప్పుడు ఆయనే తన కుక్రీతో నరుక్కున్నారు. తర్వాత ఆపరేషన్ చేసింది ఎవరో తెలుసా? బందీగా ఉన్న పాకిస్తాన్ సర్జన్, మేజర్ మొహమ్మద్ బషీర్. ఆయనకు థాంక్స్ చెప్పుకోలేకపోయానని కార్డోజో ఇంటర్వ్యూల్లో చెప్పారు. శత్రువు పేరు కూడా మర్చిపోకుండా చెప్పడం, ఈ అలవాటే ఆయన్ని చరిత్ర వైపు నడిపిందని నాకనిపిస్తుంది.

చెక్క కాలుతో బెటాలియన్‌ని నడిపించడం కుదరదు అన్నారు. ఆయన ఊరుకోలేదు. ఆర్మీ చీఫ్ జనరల్ రైనా ఆయన్ని లడఖ్ తీసుకెళ్లి, మంచులో, కొండల్లో నడవడం స్వయంగా చూశాక దారి తెరుచుకుంది. యుద్ధంలో అవయవం పోగొట్టుకున్నాక బెటాలియన్‌ని, ఆ తర్వాత బ్రిగేడ్‌ని కమాండ్ చేసిన మొదటి భారతీయ ఆఫీసర్ ఆయన. 1993లో రిటైరయ్యారు.

ఆ తర్వాత పెన్ను పట్టుకున్నారు. పరమవీరచక్ర గ్రహీతల మీద ఒక పుస్తకం రాశారు. 2006లో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోవడం మీద ఇంకొకటి. 1971 డిసెంబర్ 9 రాత్రి, అంటే ఆయన సిల్హెట్‌లో ఉన్న రోజుల్లోనే, డయ్యూ తీరానికి దూరంగా ఆ నౌకని పాకిస్తాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకతో పాటే వెళ్లిపోయారు.

ఆర్మీ మనిషి నేవీ కథ ఎందుకు రాశారు? బతికి బయటపడ్డవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి. వాళ్ల మాటలే ఆ పుస్తకానికి ఆధారం. అధికారిక కాగితంలో 194 అనేది ఒక అంకె. పక్కనే ఈదుతూ మిత్రుడు మునిగిపోవడం చూసినవాడికి అది అంకె కాదు కదా!

అయితే జ్ఞాపకం ఒక్కటే సరిపోదు. 2021లో కార్డోజో జీవితం మీద 'గోర్ఖా' అని హిందీ సినిమా ప్రకటించారు. హీరో అక్షయ్ కుమార్. పోస్టర్‌లో కుక్రీ పదును తప్పు వైపు ఉందని ఒక మాజీ గూర్ఖా ఆఫీసర్ ట్విట్టర్‌లో చెప్పారు. అక్షయ్ థాంక్స్ చెప్పి, సరిచేస్తామన్నారు. చిన్న విషయమే. కానీ చూడండి: బీబీసీ తప్పు వార్త యుద్ధంలో ప్రాణాలు కాపాడింది. అదే తప్పు చరిత్రలోకి ఎక్కితే, కొన్ని వందల మంది చేసిన పని వేలమంది ఖాతాలోకి పోతుంది. అందుకే నిజం రాసేవాళ్లు కావాలి.

మా వీధి తాతయ్య దగ్గర నేను ఆ పని చేయలేకపోయాను. మీ ఊళ్లో ఒక ఎక్స్-సర్వీస్‌మన్ ఉంటే, మీ చేతిలో ఫోన్ ఉంది, వెళ్లి కూర్చోండి. తుపాకీ గురించి కాదు, మూడు అడగండి: ఏ సంవత్సరం? ఏ యూనిట్? మీ పక్కన ఎవరున్నారు? రికార్డ్ చేయండి. తర్వాత ఆయన డిశ్చార్జ్ బుక్‌తో తేదీలు సరిచూసుకోండి.

1971లో ఇరవై ఏళ్ల జవాను వయసు ఇప్పుడు డెబ్బై దాటింది. ఈ ఆదివారమే వెళ్లండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.